వినిపించే చరిత్ర: నల్లజాతి చరిత్ర పాడ్‌కాస్ట్‌లు – ఒక విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం

9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 పూర్వరంగం: పత్రిక నుంచి రేడియో దాకా
9.3 చెప్పేది ఎవరు? అడిగేది ఎవరు?
9.4 '1619' పాడ్‌కాస్ట్: విశ్లేషణ
9.5 గొంతు ఒకరిది, హక్కు మరొకరిది
9.6 అస్తిత్వం, సాధికారత: రెండు మార్గాలు
9.7 తెలుగు శ్రోత, తెలుగు మాట
9.8 సారాంశం
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆఫ్రికన్ అమెరికన్లు తమ చరిత్రను చెప్పుకోవడానికి ప్రసార మాధ్యమాలను ఎలా వాడుకున్నారో వివరించగలుగుతారు;
• ఒక చారిత్రక పాడ్‌కాస్ట్‌ను ఏయే ప్రమాణాలతో విమర్శించాలో చెప్పగలుగుతారు;
• గొంతుకు ఉండే ఆకర్షణకూ, ఆధారానికి ఉండే బలానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

గత పాఠాల్లో కథను, కవితను, ఆత్మకథను విమర్శించే పద్ధతులు తెలుసుకున్నారు. ఆ రచనలన్నీ అచ్చులో ఉన్నవి. సందేహం వస్తే పేజీ వెనక్కి తిప్పవచ్చు, వాక్యం కింద గీత గీయవచ్చు. పాడ్‌కాస్ట్ అలాంటిది కాదు. అది చెవిలో పడుతుంది, ముందుకు సాగిపోతుంది. బస్సులోనో, వంటింట్లోనో, పొలం గట్టు మీదో ఉన్న శ్రోత మరో పని చేసుకుంటూ దాన్ని వింటాడు. ఇలా వినే రచనను విమర్శించడం ఎలా? ఈ పాఠంలో మనం ఎదుర్కొనే ప్రశ్న ఇది.

అమెరికాలోని నల్లజాతి చరిత్ర పాడ్‌కాస్ట్‌లను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. బానిసత్వ కాలంలో అక్కడి దక్షిణ రాష్ట్రాలు చాలావరకు బానిసలకు చదువు చెప్పడాన్ని చట్టం ద్వారా నిషేధించాయి. రాత అందనివారు పాటలో, ప్రార్థనలో, పెద్దల మాటల్లో తమ చరిత్రను నిలుపుకున్నారు. అందువల్ల ఆ ప్రజలకు వినికిడి మాధ్యమం కొత్త సరదా కాదు; పాత ఆస్తి. ఆ ఆస్తి ఈనాడు ఎవరి చేతిలో ఉంది, దానితో ఏం చేస్తున్నారు అన్నదే విమర్శకుడికి ముఖ్యం.

9.2 పూర్వరంగం: పత్రిక నుంచి రేడియో దాకా

1827లో న్యూయార్క్ నగరంలో శామ్యూల్ కోర్నిష్, జాన్ రస్‌వర్మ్ 'ఫ్రీడమ్స్ జర్నల్' స్థాపించారు. నల్లజాతివారి యాజమాన్యంలో వెలువడిన తొలి అమెరికన్ పత్రిక ఇదే. తమ గురించి ఇతరులు మాట్లాడటం చాలు, ఇక తామే మాట్లాడతామన్నది దాని సంకల్పం. 1905లో రాబర్ట్ అబట్ స్థాపించిన 'షికాగో డిఫెండర్' ఆ సంకల్పాన్ని దక్షిణాది పల్లెలకు చేర్చింది. పుల్‌మన్ రైలు పెట్టెల్లో పనిచేసే నల్లజాతి పోర్టర్లు ఆ పత్రిక కట్టలను దక్షిణాదికి తీసుకుపోయేవారు. అక్కడ క్షౌరశాలల్లో, చర్చిల్లో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. అంటే పత్రిక కూడా చాలామందికి చెవి ద్వారానే చేరింది.

చరిత్రను ఒక శాస్త్రంగా నిలబెట్టే పని కార్టర్ జి. వుడ్‌సన్ చేపట్టాడు. 1915లో ఒక చరిత్ర సంఘాన్ని, 1916లో ఒక పరిశోధన పత్రికను ప్రారంభించాడు. 1926 ఫిబ్రవరిలో 'నీగ్రో హిస్టరీ వీక్' పేరుతో వారోత్సవం మొదలుపెట్టాడు. 1976 నుంచి అది నెల రోజుల ఉత్సవంగా అమెరికా ప్రభుత్వ గుర్తింపు పొందింది.

పాడ్‌కాస్ట్‌కు అసలైన పూర్వీకుడు మాత్రం రిచర్డ్ డర్హమ్. షికాగోలోని డబ్ల్యు.ఎం.ఎ.క్యు. రేడియో కేంద్రం నుంచి 1948 జూన్‌లో ఆయన 'డెస్టినేషన్ ఫ్రీడమ్' అనే నాటక మాలికను ప్రారంభించాడు. నల్లజాతి నాయకులు, కళాకారులు, శాస్త్రవేత్తల జీవితాలను అరగంట నాటకాలుగా వినిపించాడు. ఆ కాలపు రేడియోలో నల్లజాతి పాత్ర అంటే నవ్వు పుట్టించే పనివాడే. ఆ స్థానంలో ఆలోచించే మనిషిని, ఎదిరించే మనిషిని నిలబెట్టడం డర్హమ్ సాధించిన మార్పు. ఆయన కథ ఎలా ముగిసిందో 9.5లో చూద్దాం.

9.3 చెప్పేది ఎవరు? అడిగేది ఎవరు?

'సాక్షి స్వయంగా చెప్పిన మాట' అనగానే మనకు నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి.

1936–38 మధ్య అమెరికా ప్రభుత్వం నడిపిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ కింద, ఒకప్పుడు బానిసత్వంలో ఉన్న వృద్ధుల జ్ఞాపకాలను 17 రాష్ట్రాల్లో సేకరించారు. అలాంటివి 2,300కు పైగా ఉన్నాయి. అమూల్యమైన నిధి, సందేహం లేదు. అయితే దక్షిణాదిలో ప్రశ్నలు అడిగినవారిలో అత్యధికులు శ్వేతజాతీయులు. ఆ వృద్ధులు ఆర్థిక మాంద్యంలో చితికిపోయి, ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూస్తున్న పేదలు.

దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ నగరంలో సూసన్ హామ్లిన్ అనే వృద్ధురాలి ఉదంతం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 1937లో ఆమెను ఇద్దరు విడివిడిగా కలిశారు. శ్వేతజాతి మహిళ అయిన జెస్సీ బట్లర్‌తో మాట్లాడినప్పుడు ఆమె తన యజమాని మంచివాడని చెప్పింది. నల్లజాతికి చెందిన ఆగస్టస్ లాడ్సన్‌తో మాట్లాడినప్పుడు కొరడా దెబ్బల గురించి, తల్లి నుంచి బిడ్డను విడదీసి అమ్మడం గురించి చెప్పింది. మనిషి ఒకరే, జీవితం ఒకటే. వినిపించిన చరిత్రలు రెండు. బట్లర్ ప్రభుత్వ సహాయ కార్యాలయం నుంచి వచ్చిందని ఆమె భావించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. అలాంటి మనిషి ఎదుట పాత యజమానిని తిట్టడం తెలివైన పని కాదని ఆ వృద్ధురాలికి తెలుసు.

దీనివల్ల మనకు మొదటి ప్రమాణం లభిస్తుంది: సాక్ష్యాన్ని విన్నప్పుడు చెప్పినవారినే కాదు, అడిగినవారిని కూడా చదవాలి.

ధ్వని రికార్డుల విలువ ఇక్కడే తెలుస్తుంది. 1949లో బాల్టిమోర్ నగరంలో ఫౌంటెన్ హ్యూస్ అనే వృద్ధుడి మాటలను రికార్డు చేశారు. తన తాత థామస్ జెఫర్సన్ కింద బానిసగా ఉండేవాడని ఆయన చెప్పాడు. ఆ రికార్డు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అచ్చులో వచ్చిన కథనాల్లో సేకర్తలు యాసను తమకు తోచినట్లు రాశారు. చాలాచోట్ల అది వెక్కిరింతలా కనిపిస్తుంది. రికార్డులో ఆ జోక్యం లేదు. మాట మధ్య ఆగడం, తడబడటం, అడిగిన ప్రశ్న కూడా వినబడతాయి. ప్రశ్నను దాచని రికార్డు, ప్రశ్నను తొలగించిన కథనం కంటే నిజాయితీ గలది. నేటి పాడ్‌కాస్ట్‌లకు కూడా ఇదే కొలమానం పెట్టవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సూసన్ హామ్లిన్ ఇద్దరికి రెండు రకాలుగా చెప్పడం అబద్ధం ఆడటమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో అయిదు వాక్యాల్లో రాయండి.

9.4 '1619' పాడ్‌కాస్ట్: విశ్లేషణ

9.4.1 నేపథ్యం, నిర్మాణం

1619 ఆగస్టులో ఇరవైమందికి పైగా ఆఫ్రికన్లను తెచ్చిన ఓడ ఒకటి వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ తీరానికి చేరింది. వలసవాసులు వారిని కొనుక్కున్నారు. ఆ సంఘటనకు 400 ఏళ్లు నిండిన సందర్భంగా 2019 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక ప్రత్యేక సంచికను, దానితోపాటు '1619' పాడ్‌కాస్ట్‌ను వెలువరించింది. పాత్రికేయురాలు నికోల్ హన్నా-జోన్స్ దీని వ్యాఖ్యాత. మొత్తం 6 ఎపిసోడ్లు. ప్రజాస్వామ్యం, ఆర్థిక వ్యవస్థ, సంగీతం, వైద్యం అనే నాలుగు అంశాలకు ఒక్కొక్క ఎపిసోడ్. భూమి గురించి చివరి రెండు.

ప్రతి భాగమూ ఒక ఇంటి కథతో మొదలై దేశం కథగా మారుతుంది. ఇది ఈ రచన ప్రధాన శిల్పం. మొదటి ఎపిసోడ్‌నే తీసుకుందాం. హన్నా-జోన్స్ తండ్రి మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో స్థిరపడి, సైన్యంలో పనిచేసినవాడు. తనను సమానంగా చూడని దేశపు జెండాను ఆయన ఇంటి ముందు ఎప్పుడూ ఎగరేసేవాడు. చిన్నప్పుడు ఆమెకు అది సిగ్గుగా అనిపించింది. తండ్రి ఎందుకలా చేశాడన్న ప్రశ్నకు జవాబు వెతకడమే ఆ ఎపిసోడ్. అమెరికా రాజ్యాంగ ఆదర్శాలను అక్షరాలా నమ్మి, వాటికోసం పోరాడి, నిజం చేసినవారు నల్లజాతివారే. కనుక ఆ జెండా మీద హక్కు వారిదే అన్నది ఆమె చేరుకున్న నిర్ణయం.

9.4.2 బలం

ఈ నిర్ణయాన్ని వ్యాసంలోనూ చదవవచ్చు. కానీ వినడంలో అదనంగా లభించేది ఒకటుంది. కూతురు తండ్రిని తప్పుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకునే గొంతు అది. వాదం అనుభవంగా మారుతుంది. శ్రోతకు చరిత్ర తేదీల పట్టికగా కాక, ఒక ఇంట్లో మిగిలిపోయిన ప్రశ్నగా అందుతుంది.

సంగీతం మీద వచ్చిన మూడో ఎపిసోడ్‌లో మాధ్యమం, విషయం ఒకటైపోతాయి. విమర్శకుడు వెస్లీ మోరిస్ శ్వేతజాతి గాయకుల పాటల్లో నల్లజాతి గానపు జాడలను పట్టుకుని, 1830 ప్రాంతంలో ముఖానికి మసి పూసుకుని ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల దాకా వెనక్కి వెళతాడు. పాట వినిపించి, వెంటనే దాని మూలం వినిపించడం అచ్చుకు చేతకాని పని. పాడ్‌కాస్ట్‌కు మాత్రమే సాధ్యమయ్యే విమర్శ ఇది. నా దృష్టిలో ఈ మాలికలో కళాపరంగా అన్నిటికంటే పైచేయి ఈ భాగానిదే.

9.4.3 వివాదం

ప్రశంసతోపాటు తీవ్రమైన విమర్శ కూడా వచ్చింది. బానిసత్వాన్ని కాపాడుకోవడం వలసవాసులు బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోరడానికి ఒక ప్రధాన కారణమని హన్నా-జోన్స్ వ్యాసం పేర్కొంది. 2019 డిసెంబరులో విక్టోరియా బైనమ్, జేమ్స్ మెక్‌ఫర్సన్, జేమ్స్ ఓక్స్, షాన్ విలెంజ్, గోర్డన్ వుడ్ అనే అయిదుగురు చరిత్రకారులు దీన్ని ఖండిస్తూ లేఖ రాశారు. 2020 మార్చిలో పత్రిక ఆ వాక్యాన్ని సవరించింది: అది 'వలసవాసులందరి' ఉద్దేశం కాదు, 'కొందరి' ఉద్దేశం అని. చరిత్రకారిణి లెస్లీ హారిస్ నిలిచిన చోటు ఇంకా ముఖ్యమైనది. ప్రచురణకు ముందే ఈ విషయంలో తాను హెచ్చరించానని ఆమె రాసింది. అదే వ్యాసంలో, బానిసత్వాన్ని పక్కకు నెట్టిన పాత చరిత్రలకు ఇలాంటి దిద్దుబాటు అవసరమని కూడా రాసింది. తప్పును తప్పనడం, పనిని పనిగా గౌరవించడం, రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి. మీరు అలవరచుకోవలసిన విమర్శ పద్ధతి ఇది.

ఆర్థిక వ్యవస్థ భాగానికి మూలమైన వ్యాసం మీద కూడా అభ్యంతరాలున్నాయి. 19వ శతాబ్దం తొలి ఆరు దశాబ్దాల్లో ఒక్కొక్కరు ఏరే పత్తి దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. దానికి కొరడాను, లెక్కల పుస్తకాన్ని ప్రధాన కారణాలుగా చూపడం సరికాదని, మేలైన పత్తి వంగడాలే ముఖ్య కారణమని ఆర్థిక చరిత్రకారులు ఓల్మ్‌స్టెడ్, రోడ్ వాదించారు. కొరడా లేదని వారనలేదు. పెరుగుదలకు కారణం వేరని అన్నారు. ఈ తేడాను పట్టుకోవడం విద్యార్థికి అవసరం.

ఇక్కడ మాధ్యమపు బలహీనత బయటపడుతుంది. అచ్చులోని వాక్యానికి 'కొందరు' అనే మాట చేర్చితే సవరణ పూర్తయింది. ఎవరి ఫోనులోనో అప్పటికే దిగిన ధ్వని మారదు. పైగా 'కొందరు', 'బహుశా', 'ఒక వాదన ప్రకారం' వంటి మాటలు చెవికి బరువు. కథనం వాటిని వదిలించుకోవాలని చూస్తుంది. కింద మంద్రంగా సంగీతం సాగుతుంటే నిర్ణయం మరింత నిశ్చయంగా వినిపిస్తుంది. చరిత్రకారుడికి ఆభరణమైన సందేహం వ్యాఖ్యాతకు అడ్డంకి అవుతుంది. దీన్నుంచి రెండో ప్రమాణం: నమ్మకం కలిగించింది ఆధారమా, గొంతా అని ప్రతి ఎపిసోడ్ తరువాత వేరు చేసి చూసుకోవాలి.

ఈ విద్వాంసుల చర్చ రాజకీయ నిషేధంగా మారడం వేరే కథ. 2020లో అధ్యక్షుడు ట్రంప్ దీనికి పోటీగా '1776 కమిషన్' వేశాడు. దాని నివేదిక 2021 జనవరి 18న వచ్చింది. రెండు రోజులకే కొత్త అధ్యక్షుడు బైడెన్ ఆ కమిషన్‌ను రద్దు చేశాడు. అదే ఏడాది జూన్‌లో ఫ్లోరిడా రాష్ట్ర విద్యామండలి ఈ ప్రాజెక్టు సామగ్రిని తరగతి గదుల్లో నిషేధించింది. ఒక వాక్యం తప్పైతే దానికి మందు మరో మంచి వాక్యం. నిషేధం తప్పును సరిదిద్దదు. తప్పు ఎక్కడుందో తెలుసుకునే అవకాశాన్నే విద్యార్థి నుంచి తీసేస్తుంది.

9.5 గొంతు ఒకరిది, హక్కు మరొకరిది

ఇప్పుడు డర్హమ్ దగ్గరికి తిరిగి వద్దాం. తన నాటకాల్లోని పదునును తగ్గించాలన్న రేడియో అధికారులతో ఆయన పదేపదే పోరాడాడు. 1950లో ఆయన మాలిక ఆగిపోయింది. ఆ తరువాత అదే పేరుతో, ఆయన లేకుండా మరో ధారావాహిక వచ్చింది. దాని కథకుడు పాల్ రివియర్, అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు శ్వేతజాతి వీరుడు. పేరు మిగిలింది, మనిషి మాయమయ్యాడు.

రెండో ఉదాహరణ 'ఐస్ ఆన్ ది ప్రైజ్'. హెన్రీ హాంప్టన్ నిర్మించిన ఈ పౌరహక్కుల డాక్యుమెంటరీ 1987, 1990లలో రెండు భాగాలుగా 14 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. అందులో వాడిన పాత వార్తాచిత్రాలకు, పాటలకు తీసుకున్న అనుమతుల గడువు 1990లలో తీరిపోయింది. మళ్లీ అనుమతులు కొనాలంటే చాలా డబ్బు కావాలి. దాంతో ఏళ్ల తరబడి దాన్ని ప్రసారం చేయడం, కొత్తగా అమ్మడం కుదరలేదు. 2006లో గానీ అది మళ్లీ టెలివిజన్ మీదికి రాలేదు. వీధిలో దెబ్బలు తిన్నవారి చిత్రం మీద హక్కు వారికి లేదు. కెమెరా యజమానికి ఉంది.

నేటి పాడ్‌కాస్ట్‌లు ఈ ప్రమాదానికి అతీతం కావు. మైకు చవక, ఎవరైనా మొదలుపెట్టవచ్చు అన్నది నిజమే. కానీ పరిశోధకులను, సంపాదకులను, ప్రయాణాలను భరించగలిగేవి పెద్ద సంస్థలే. '1619' వెనుక ఒక మహా పత్రిక ఉంది. మూడో ప్రమాణం దీన్నుంచి వస్తుంది: ఈ కథ రేపు ఎవరి అనుమతితో వినబడుతుంది?

9.6 అస్తిత్వం, సాధికారత: రెండు మార్గాలు

నల్లజాతి చరిత్రను వినిపించే పాడ్‌కాస్ట్‌లు శ్రోతకు శక్తినిస్తాయని తరచుగా అంటారు. ఆ శక్తి ఏమిటి? ఒక మార్గం గర్వం. మరుగునపడిన వీరులను, ఆవిష్కర్తలను గుర్తుచేయడం. అవమానం పాలైన పిల్లలకు అది అవసరమే. అయితే వీరగాథ ఒక్కటే అయితే, వీరులు కాలేని మామూలు మనుషుల కష్టానికి కారణం తెలియకుండా పోతుంది.

రెండో మార్గం కారణాలను చూపడం. '1619' చివరి రెండు ఎపిసోడ్లు లూసియానా రాష్ట్రంలో చెరకు పండించే ఒక నల్లజాతి కుటుంబం భూమిని పోగొట్టుకున్న వైనాన్ని చెబుతాయి. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు విముక్తులకు కుటుంబానికి 40 ఎకరాల దాకా భూమి కేటాయించింది. ఆ ఏడాదిలోనే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిరగదోడాడు. నూరేళ్ల తరువాత కూడా రుణాల్లో వివక్ష కొనసాగింది. 1999లో నల్లజాతి రైతుల పిగ్‌ఫర్డ్ వ్యాజ్యం అమెరికా వ్యవసాయ శాఖతో పరిష్కారానికి వచ్చింది. ఇదంతా తెలిసిన శ్రోత తన అప్పును తన చేతకానితనంగా చూడడు. గర్వం తల ఎత్తుకునేలా చేస్తుంది. కారణం తెలియడం అడుగు వేసేలా చేస్తుంది. సాధికారత అనే మాటకు రెండోదే దగ్గర అర్థం.

2017లో వచ్చిన 'సీయింగ్ వైట్' ప్రశ్ననే తిప్పి అడిగింది. జాన్ బీవెన్ అనే శ్వేతజాతి పాత్రికేయుడు, చెంజెరాయ్ కుమన్యికా అనే నల్లజాతి విద్వాంసుడితో కలిసి, 'తెల్లదనం' అనే భావనను ఎవరు, ఎందుకు తయారుచేశారని 14 ఎపిసోడ్లలో పరిశీలించాడు. పరిశీలనకు ఎప్పుడూ నల్లజాతివారినే బల్ల మీద పెట్టే అలవాటును అది మార్చింది. బీవెన్ వాదించిన తరువాత కుమన్యికా ప్రశ్నించడం దాని నిర్మాణంలో భాగం. వ్యాఖ్యాతను ప్రశ్నించే గొంతు లోపలే ఉండటం '1619'లో తక్కువగా కనిపించే గుణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
గర్వాన్ని ఇచ్చే చరిత్రకూ, కారణాలను చూపే చరిత్రకూ తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.

9.7 తెలుగు శ్రోత, తెలుగు మాట

ఈ చరిత్ర తెలుగువారికి కొత్త కాదు. అలెక్స్ హేలీ 'రూట్స్' నవల సహవాసి అనువాదంలో 'ఏడు తరాలు'గా మన పాఠకుల ఇళ్లలో చేరింది. కానీ మనకు దీనితో ఉన్న సంబంధం సానుభూతితో ఆగదు. 'సీయింగ్ వైట్' ఒక ఎపిసోడ్‌లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యాన్ని చర్చించింది. 1790 చట్టం 'స్వేచ్ఛగల తెల్లవారికే' అమెరికా పౌరసత్వ అవకాశం ఇచ్చింది. పంజాబు నుంచి వెళ్లిన థింద్, తాను అగ్రకుల ఆర్యుణ్ణి కనుక తెల్లవాడినేనని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గోడను కూల్చమని అడగకుండా, గోడకు అవతలి పక్క తనకు చోటిమ్మని అడిగిన వాదం అది. కులాన్ని ఆధారంగా చూపిన వాదం. అది ఓడిపోయింది. భారతీయులకు పౌరసత్వ ద్వారం 1946లో తెరుచుకుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లడానికి వీలు కల్పించిన 1965 వలస చట్టం, నల్లజాతి పౌరహక్కుల పోరాటం సృష్టించిన వాతావరణంలోనే వచ్చింది. అమెరికాలో ఉన్న మన బంధువుల కథలో ఈ అధ్యాయం ఉందని ఎందరికి తెలుసు?

మరో విషయం మాటల ఎంపిక. నేటి ఆంగ్ల పాడ్‌కాస్ట్‌లు మనిషిని 'బానిస' అనే నామవాచకంతో పిలవడం తగ్గించి, బానిసత్వంలోకి నెట్టబడిన వ్యక్తి అన్న అర్థం వచ్చే మాట వాడుతున్నాయి. తెలుగులో 'బానిస చేయబడినవారు' అంటే మర్యాద వస్తుంది గానీ, చేసినవాడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. 'వారిని బానిసలను చేశారు' అంటే, ఎవరు చేశారన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. మన భాషలో కర్తరి వాక్యమే న్యాయానికి దగ్గర. ఈ విషయం మీద మీరు తెలుగులో రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

9.8 సారాంశం

పత్రికల నుంచి, డర్హమ్ రేడియో నాటకాల నుంచి పాడ్‌కాస్ట్ దాకా నల్లజాతి చరిత్ర చెవి ద్వారా ప్రయాణించింది. ఒకప్పుడు పదిమంది కలిసి విని, వెంటనే చర్చించుకునేవారు. ఇప్పుడు ఒక్కరే చెవికి తగిలించుకుని వింటున్నారు. చర్చ అనే సగభాగం పోయింది. దాన్ని తిరిగి సంపాదించడమే విమర్శ చేసే పని. '1619' గొప్ప కథనం. ఒక కీలకమైన వాక్యంలో అతిగా చెప్పిన కథనం కూడా. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో ఉంచుకోగలగాలి. అడిగినదెవరు, నమ్మించినదేది, హక్కు ఎవరిది అనే మూడు ప్రశ్నలు వేసి వింటే, గొంతు మీద గౌరవం తగ్గదు, ఆధారం మీద పట్టు సడలదు.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. '1619' పాడ్‌కాస్ట్ బలాన్ని, పరిమితులను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. చారిత్రక పాడ్‌కాస్ట్‌ను విమర్శించడానికి ఈ పాఠం సూచించిన మూడు ప్రమాణాలను సోదాహరణంగా వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'డెస్టినేషన్ ఫ్రీడమ్' మాలిక ప్రాముఖ్యం ఏమిటి?
2. 'ఐస్ ఆన్ ది ప్రైజ్' ఏళ్ల తరబడి ప్రసారం కాకపోవడానికి కారణం ఏమిటి?
3. థింద్ వ్యాజ్యం నుంచి తెలుగు శ్రోత గ్రహించవలసినది ఏమిటి?

III. అభ్యాసం
మీ ఇంట్లో లేదా మీ ఊరిలో ఒక పెద్దమనిషి జ్ఞాపకాన్ని ఆమె లేదా ఆయన అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. మీరు అడిగిన ప్రశ్నలను తొలగించకండి. తరువాత దాన్ని విని, మీ ప్రశ్న వారి జవాబును ఎక్కడ మలుపు తిప్పిందో ఒక పేజీలో రాయండి.